రోవర్ ఫొటోలతో త్రీడీ బొమ్మలు: దగ్గరి రాళ్ళు రెండుగా కనిపిస్తున్నాయి, ఎక్కడ సరిచేయాలి?

గులకరాయి అడిగిన ప్రశ్న:

బెంగళూరులో మా అపార్ట్‌మెంట్ తెలుగువాళ్ళం ఆగస్టు 23న, జాతీయ అంతరిక్ష దినోత్సవానికి, పిల్లల కోసం చిన్న ప్రదర్శన పెడుతున్నాం. అంగారకుడి మీది నాసా రోవర్లు క్యూరియాసిటీ, పర్సెవరెన్స్ తీసిన ఫొటోలతో ఎరుపు-సయాన్ ఎనాగ్లిఫ్‌లు (రెండు రంగుల కళ్ళద్దాలతో చూస్తే లోతు కనిపించే బొమ్మలు) చేసి కొన్ని ఏ3 ప్రింట్లు తీయాలని, కొన్ని ప్రొజెక్టర్ మీద వేయాలని అనుకుంటున్నాం. క్యూరియాసిటీ నావ్‌క్యామ్ (దారి చూసే జంట కెమెరా) ఎడమ, కుడి ఫొటోలను గింప్ అనే ఫొటో ఎడిటింగ్ ప్రోగ్రాంలో కలిపితే దూరపు కొండలు బాగున్నాయి. ముందున్న రాళ్ళు మాత్రం రెండుగా విడిపోతున్నాయి, రెండు నిమిషాలు చూస్తే కళ్ళు లాగేస్తున్నాయి. రోవర్ స్తంభం మీది రంగు కెమెరా మాస్ట్‌క్యామ్ జత అయితే అసలు సైజులే కలవడం లేదు. ఇంకో మాట: చంద్రయాన్-3 రోవర్ ప్రజ్ఞాన్ తీసిన విక్రమ్ లాండర్ ఎనాగ్లిఫ్‌ను కార్డ్‌బోర్డ్ వీఆర్ పెట్టెలో పక్కపక్కన పెట్టి చూపించాలని ఉంది. రెండు ఫొటోలు విడివిడిగా ఎక్కడ దొరుకుతాయి? కళ్ళద్దాలు సెల్లోఫేన్‌తో చేసుకుంటే పనికొస్తాయా?

ఎడమకన్ను సమాధానం:

మీరు కలపడంలో పెద్ద తప్పేమీ ఉండదు. చిక్కంతా కెమెరాల మధ్య ఎడంలో ఉంది. మన కళ్ళ మధ్య ఎడం సుమారు 6.5 సెంటీమీటర్లు. క్యూరియాసిటీ నావ్‌క్యామ్‌ల మధ్య 42.4 సెంటీమీటర్లు, అంటే ఆరు రెట్ల పైన. రోవర్‌కు దూరాలు కొలవడానికి అంత ఎడం కావాలి, మన కళ్ళకు మాత్రం దగ్గరి వస్తువుల దగ్గర అది మరీ ఎక్కువ.

లెక్క వేసుకుంటే ఏ ఫొటో పనికొస్తుందో ముందే తెలిసిపోతుంది. ఆ కెమెరా లెన్సు ఫోకల్ లెంగ్త్ 14.67 మిల్లీమీటర్లు, సెన్సర్ మీద ఒక్కో పిక్సెల్ 12 మైక్రాన్లు. మీటర్లలో ఎడాన్ని ఫోకల్ లెంగ్త్‌తో గుణించి పిక్సెల్ సైజుతో భాగిస్తే 518 వస్తుంది. వస్తువు ఎన్ని మీటర్ల దూరంలో ఉందో ఆ అంకెతో 518ని భాగించండి. ఎడమ ఫొటోకూ కుడి ఫొటోకూ మధ్య ఆ వస్తువు ఎన్ని పిక్సెళ్ళు పక్కకు జరిగిందో అదే. 5 మీటర్ల దగ్గర 104, 10 మీటర్ల దగ్గర 52, 50 మీటర్ల దగ్గర 10, దిగంతం దగ్గర సున్న. ఒకే బొమ్మలో అన్నిటికంటే దగ్గరిదానికీ దూరందానికీ మధ్య ఈ తేడా బొమ్మ వెడల్పులో ముప్పయ్యో వంతు దాటితే కళ్ళు ఇబ్బంది పడతాయి. 1024 పిక్సెళ్ళ ఫొటోకు అది 34. అంటే దిగంతం ఉన్న బొమ్మలో 15 మీటర్లలోపు నేల ఉండకూడదు. కింది భాగం కోసేయండి. దగ్గరి రాళ్ళే ముఖ్యమైతే ఆకాశం, కొండలు కోసేసి 5 నుంచి 7 మీటర్ల మధ్య నేలే ఉంచండి, అప్పుడు తేడా 30 మాత్రమే. రెండూ ఒకే బొమ్మలో ఉంచాలని పట్టుబడితే ఏ సాఫ్ట్‌వేరూ ఆదుకోదు.

జత ఎంచుకోవడానికి ఫైలు పేరు చూడండి. ఎన్ఎల్ అంటే ఎడమ నావ్‌క్యామ్, ఎన్ఆర్ అంటే కుడిది. తర్వాత వచ్చే పెద్ద సంఖ్య రోవర్ గడియారపు సెకన్లు. అది రెండింటిలో ఒకటే ఉండాలి, లేదా కొద్ది సెకన్ల తేడాతో ఉండాలి. పర్సెవరెన్స్ నావ్‌క్యామ్ 5120 × 3840 రంగు కెమెరా. దాని ఫొటో చాలాసార్లు 1280 × 960 ముక్కలుగా వస్తుంది. ఎడమ ముక్క, కుడి ముక్క ఒకే చోటివో కాదో ముందు చూసుకోండి. పైగా అది 90 డిగ్రీలు దాటిన వెడల్పు లెన్సు కాబట్టి అంచుల్లో గీతలు వంగుతాయి, అక్కడ నిలువు తేడా వస్తుంది. మధ్య భాగమే వాడండి, లేదా లెన్సు వంపు తీసేసి అడ్డ వరసలు కలిపిన ఫొటోలు నాసా పీడీఎస్‌లో (గ్రహాల డేటా భద్రపరిచే వెబ్‌సైటు) ఉంటాయి, అవి తెచ్చుకోండి.

గింప్‌లో వరస ఇదీ. రెండు ఫొటోలనూ గ్రేస్కేల్‌కు మార్చండి. కుడిదాన్ని ఎడమదాని మీద లేయర్‌గా పెట్టి మోడ్ డిఫరెన్స్ చేయండి. బాణం మీటలతో ఒక్కో పిక్సెల్ జరుపుతుంటే కలిసిన చోటు నల్లబడుతుంది. ముందు నిలువు తేడా తీసేయాలి. అది రెండు మూడు పిక్సెళ్ళు మిగిలినా తలనొప్పి ఖాయం. కొంచెం తిరిగి ఉంటే రొటేట్‌తో డిగ్రీలో పదో వంతు చొప్పున సరిచేయండి. ఆ తర్వాత అడ్డంగా జరిపి, బొమ్మలో అన్నిటికంటే దగ్గరి రాయి కలిసేలా ఆపండి. అప్పుడు దృశ్యం మొత్తం కిటికీ వెనక ఉన్నట్టు కుదురుగా నిలబడుతుంది. మోడ్‌ను మళ్ళీ నార్మల్ చేసి, రెండింటిలోనూ లేని అంచులు కోసేసి, కలర్స్ మెనూలో కాంపోనెంట్స్, అందులో కంపోజ్ తెరవండి. ఎరుపుకు ఎడమ లేయర్, ఆకుపచ్చకూ నీలానికీ కుడి లేయర్ ఇవ్వండి. విండోస్ ఉంటే స్టీరియోఫోటో మేకర్ అనే ఉచిత ప్రోగ్రాం ఈ కలిపే పని తనంతట తనే చేస్తుంది. అయినా ఫలితాన్ని కంటితో చూడకుండా ప్రింటుకు పంపొద్దు.

మాస్ట్‌క్యామ్ సైజులు కలవకపోవడం సహజమే. ఎడమ లెన్సు 34 మిల్లీమీటర్లు, కుడిది 100. కుడి ఫొటోలో ఉన్నది ఎడమ ఫొటోలో ఎక్కడుందో వెతికి, అంతవరకే కోసి 2.95 రెట్లు పెంచండి. ఎడమది మసకగా ఉంటుంది. కానీ ఒక కంటికి స్పష్టమైన బొమ్మ అందితే మెదడు వివరాలు దాన్నుంచే తీసుకుంటుంది కాబట్టి బాగానే కుదురుతుంది. పచ్చి ఫొటోలో గళ్ళగళ్ళ బేయర్ నమూనా (సెన్సర్ మీది రంగు ఫిల్టర్ల గళ్ళు) కనిపిస్తే పెంచకముందే డీబేయర్ చేయాలి, అంటే గళ్ళను రంగు ఫొటోగా మార్చాలి, తర్వాత చేస్తే గళ్ళు పోవు. పర్సెవరెన్స్‌లో ఈ బాధ లేదు. మాస్ట్‌క్యామ్-జడ్ రెండు కళ్ళూ 26 నుంచి 110 మిల్లీమీటర్ల దాకా జూమ్ అవుతాయి, ఒకే జూమ్‌లో తీసిన జడ్ఎల్, జడ్ఆర్ జత తీసుకుంటే చాలు.

ముద్రణశాల సమాధానం:

పైన చెప్పింది సరైనదే. కానీ ప్రింటుకు చేసిన ఫైలునే ప్రొజెక్టర్ మీద వేయకండి. దగ్గరి రాయిని కలిపి పెట్టినప్పుడు దిగంతం ఎన్ని పిక్సెళ్ళు విడిపోయిందో, తెర మీద అది ఎన్ని సెంటీమీటర్లో కొలవాలి. 1024 పిక్సెళ్ళ బొమ్మ 1.8 మీటర్ల వెడల్పు పడితే ఒక్కో పిక్సెల్ సుమారు 1.8 మిల్లీమీటర్లు. 34 పిక్సెళ్ళు 6 సెంటీమీటర్లు. కళ్ళ మధ్య ఎడం కంటే అది పెరిగితే రెండు కళ్ళూ చెరో వైపు బయటికి తిరగాలి, మన కళ్ళు అలా తిరగలేవు. చిన్నపిల్లల కళ్ళ ఎడం ఇంకా తక్కువ. కాబట్టి తెరకు 25 పిక్సెళ్ళు దాటనివ్వకండి. మరీ అవసరమైతే మధ్యలో ఉన్న రాయిని కలపండి, ముందున్నవి తెర బయటికి వస్తాయి. అలా బయటికి వచ్చిన రాయి పక్క అంచుకు తగిలి తెగిపోకుండా చూసుకోండి. ఏ3 మీద అదే బొమ్మ 28 సెంటీమీటర్లు ఉంటే 34 పిక్సెళ్ళు 9 మిల్లీమీటర్లే, ఏ ఇబ్బందీ లేదు.

మ్యాట్ కాగితం వాడండి. గ్లాసీ మీద ట్యూబ్‌లైటు మెరుపు రెండు కళ్ళకూ వేర్వేరు చోట్ల పడుతుంది. ప్రింటు షాపులో ఫొటో ఎన్‌హాన్స్ ఆపమని, రంగులు ముట్టుకోవద్దని గట్టిగా చెప్పండి. ఎరుపు రంగు ఛాయ కాస్త మారినా కళ్ళద్దాల ఫిల్టర్ దాన్ని ఆపలేదు.

అంగారకుడికి రంగు ఎనాగ్లిఫ్ వద్దు. నేలంతా ఎర్రటి నారింజ కాబట్టి ఎరుపు కంటికి వెలుగుగా, సయాన్ కంటికి చీకటిగా కనిపిస్తుంది, రెండు కళ్ళూ పోట్లాడుకుంటాయి. నలుపు-తెలుపు చేసి కలపడమే మేలు. రంగు కావాలనుకుంటే రెండు కళ్ళ పోట్లాట తగ్గేలా రంగులు కలిపే డ్యూబా పద్ధతి ఎంచుకోండి, స్టీరియోఫోటో మేకర్‌లో ఉంది.

గులకరాయి:

రెండు సమాధానాలూ ఎంతో ఉపయోగపడ్డాయండి. కింది భాగం కోసి 15 మీటర్ల నుంచి ఉంచితే కళ్ళు లాగడం తగ్గింది. విక్రమ్ బొమ్మ సంగతి, కళ్ళద్దాల సంగతి ఎవరైనా చెప్పగలరా?

పీణ్యా పక్కవీధి సమాధానం:

విక్రమ్ బొమ్మకు వేరే ఫొటోలు వెతకక్కర్లేదు, జత ఆ ఎనాగ్లిఫ్‌లోనే ఉంది. ప్రజ్ఞాన్ నావ్‌క్యామ్‌లు మన ఊళ్ళోనే, ఇస్రో వారి లియోస్ అనే ప్రయోగశాలలో తయారయ్యాయి. 2023 సెప్టెంబరు 5న ఇస్రో ఆ బొమ్మ విడుదల చేస్తూ ఎడమ ఫొటో ఎరుపు చానెల్‌లో, కుడి ఫొటో ఆకుపచ్చ, నీలం చానెళ్ళలో పెట్టామని చెప్పింది. గింప్‌లో కలర్స్, కాంపోనెంట్స్, డీకంపోజ్ నొక్కి ఆర్‌జీబీ ఎంచుకుంటే మూడు లేయర్లు వస్తాయి. ఎరుపు లేయర్ ఎడమ కన్ను, ఆకుపచ్చ లేయర్ కుడి కన్ను. నీలాన్ని వదిలేయండి, జేపెగ్ దెబ్బ దానికే ఎక్కువ తగులుతుంది.

ఒక ముఖ్యమైన సంగతి. జేపెగ్ చాలాసార్లు రంగును సగం వివరంతోనే దాస్తుంది. అందువల్ల ఒక చానెల్ బొమ్మ రెండోదానిలోకి కొంచెం ఒలుకుతుంది, విడదీశాక పక్కన లేత నీడగా కనిపిస్తుంది. దొరికినంతలో పెద్ద ఫైలు తీసుకోండి. మీరు చేసే ఎనాగ్లిఫ్‌లు మాత్రం పీఎన్‌జీగా దాచండి. వాట్సాప్‌లో పంపి అక్కడి నుంచి ప్రింటు తీస్తే చేసిన శ్రమ సగం వృథా.

కార్డ్‌బోర్డ్ పెట్టెకు ఎడమది ఎడమవైపే ఉంచండి, రెండు బొమ్మల మధ్య బిందువుల దూరం 6 సెంటీమీటర్ల దగ్గర పెట్టండి. తారుమారైతే లోతు తిరగబడుతుంది, లాండర్ వెనక నేల ముందుకొస్తుంది. సందేహం వస్తే ఒక చూపు చాలు: దగ్గరి వస్తువు ఎడమ ఫొటోలో కుడివైపుకు జరిగి ఉండాలి.

చంద్రుడి ఫొటోలో నల్లటి ఆకాశం పక్కనే ఎండపడిన తెల్లటి లాండర్ ఉంటుంది, గోస్టింగ్ (ఒక కంటి బొమ్మ రెండో కంటికి లేత నీడగా కనిపించడం) అక్కడే బాగా తెలుస్తుంది. లెవెల్స్‌లో అవుట్‌పుట్‌ను 0-255 బదులు 25-230 చేయండి, చాలావరకు తగ్గుతుంది.

సెల్లోఫేన్ పనికొస్తుంది, పరీక్షించాకే. స్క్రీన్ మొత్తం ఎరుపు 255, మిగతావి 0 పెట్టి సయాన్ పొరలోంచి చూడండి, దాదాపు నల్లగా ఉండాలి. తర్వాత ఆకుపచ్చ, నీలం 255 పెట్టి ఎరుపు పొరలోంచి చూడండి. అవెన్యూ రోడ్డులో దొరికే గిఫ్ట్ సెల్లోఫేన్‌లో ఎరుపు రెండు పొరలు వేస్తే సరిపోతుంది. నీలం కాగితం ఎరుపును పూర్తిగా ఆపదు, మూడు నాలుగు పొరలు వేస్తే కుడి కన్ను చీకటైపోతుంది. కనీసం సయాన్ వైపుకైనా అసలు ఫిల్టర్ జెల్ కొనండి. సినిమా హాలు కళ్ళద్దాలు పోలరైజ్డ్ రకం, వీటికి పనిచేయవు.

రెండు కళ్ళ చూపు కలవని పిల్లలు ఒకరిద్దరు ఉండవచ్చు, వాళ్ళకు ఎన్ని పెట్టినా లోతు కనిపించదు. ఎడమ, కుడి ఫొటోలను 150 మిల్లీసెకన్ల చొప్పున మార్చే జిఫ్ ఒకటి ల్యాప్‌టాప్‌లో ఆడిస్తూ పక్కన పెట్టండి, కదలికలో వాళ్ళకూ రాళ్ళ ముందువెనకలు తెలుస్తాయి.