ఇలియోస్టమీ బ్యాగు ఒక్కరోజుకే కారిపోతోంది: కాన్వెక్స్ ప్లేటుకు మారాలా?

మా నాన్నగారికి ఆరు వారాల క్రితం పురీషనాళ క్యాన్సర్‌కు శస్త్రచికిత్స చేసి, పొట్టకు కుడివైపున తాత్కాలిక ఇలియోస్టమీ (చిన్నపేగును పొట్ట మీదికి తెచ్చి, విసర్జన బ్యాగులోకి వచ్చేలా చేసే మార్గం) ఏర్పాటు చేశారు. మొదట్లో మూడు రోజులకొకసారి బ్యాగు మారిస్తే సరిపోయేది. గత పది రోజులుగా 18 నుంచి 24 గంటల్లోనే, అదీ ఎక్కువగా ఆయన కూర్చున్నప్పుడు, ప్లేటు (బ్యాగును చర్మానికి అతికించి ఉంచే భాగం) కింది అంచు నుంచి కారుతోంది.

వాపు తగ్గేకొద్దీ స్టోమా (పొట్ట మీద బయటకు కనిపించే పేగు మొన) చిన్నదవుతుందని ఆలస్యంగా తెలుసుకుని కొలిస్తే, 35 మిల్లీమీటర్లు ఉన్నది 27కు తగ్గింది. అప్పటినుంచి ప్లేటులో రంధ్రాన్ని 29 మిల్లీమీటర్లకే కత్తిరిస్తున్నాను. చర్మాన్ని సబ్బు లేకుండా గోరువెచ్చని నీళ్లతో కడిగి, పూర్తిగా ఆరనిచ్చి, ఒరిసినచోట స్టోమా పౌడరు చల్లి, మిగిలినది దులిపి, ప్లేటును కొన్ని నిమిషాలు అరచేతితో అదిమి ఉంచుతున్నాను. సంచి మూడోవంతు నిండగానే ఖాళీ చేస్తున్నాం. ప్లేటు కింద ఖాళీలు పూడ్చే పేస్టు కూడా ప్రయత్నించాం కానీ, చర్మం భరించలేనంత మండడంతో మానేశాం. అందులో ఆల్కహాల్ ఉందని ట్యూబు మీద తర్వాత చదివాను, ముందే చదవాల్సింది.

స్టోమా ఎర్రగా, తడిగానే ఉంది. జ్వరం, రక్తస్రావం లేవు. విసర్జన పలుచని జావలా ఉంటోంది. అయితే స్టోమా చర్మానికి దాదాపు సమానంగా ఉండటమే కాక, కూర్చోగానే దాని కింద అడ్డంగా మడత పడుతోంది. నా అనుమానమంతా ఆ మడత మీదే. సర్జన్‌గారి అపాయింట్‌మెంట్‌కు ఇంకా వారం ఉంది, మా ఊళ్లో స్టోమా నర్సు లేరు.

ఇలాంటి మడత ఉన్నవారికి స్టోమా చుట్టూ పెట్టే, ఆల్కహాల్ లేని సీల్ రింగుతో కారడం ఆగిందా, లేక బెల్టుతో కూడిన కాన్వెక్స్ (చర్మం వైపు ఉబ్బెత్తుగా ఉండే) ప్లేటుకు మారితేనే ఆగిందా?