200 గజాల ఇంట్లో వాన తోటా, ఇంకుడు గుంతా?

వానకోయిల (ఉప్పల్ వైపు, హైదరాబాద్)
అందరికీ నమస్తే. మాది 200 గజాల ఇల్లు, స్లాబు సుమారు వెయ్యి చదరపు అడుగులు. కట్టేటప్పుడు తప్పదన్నారని ఇంటి పక్క సందులో ఇంకుడు గుంత తవ్వించాం. నాలుగడుగులు ఇటూ, నాలుగడుగులు అటూ, ఆరడుగుల లోతు. ఆ తర్వాత దాని ముఖం చూసినవాళ్లు లేరు. ఇప్పుడు స్లాబు మీద పడ్డ వానంతా పైపులోంచి గేటు కిందుగా రోడ్డెక్కుతోంది. మా గల్లీ పల్లం. గంట వాన పడితే ఎదురింటాయన ప్యాంటు మడిచి చెప్పులు చేత్తో పట్టుకోవాల్సిందే. ఏప్రిల్ వచ్చేసరికి 800 అడుగుల బోరు గాలి ఊదుతుంది, ట్యాంకర్ కోసం ఫోన్లు మొదలు. జులైలో బయటికి తోసిన నీళ్లనే ఏప్రిల్‌లో కొనుక్కుంటున్నట్టుంది మా బతుకు.

ఇంటర్ చదివే మా అమ్మాయి "వాన తోట" వేద్దామంటోంది. నేలను పళ్లెంలా అరడుగు పల్లం చేసి, నీళ్లు త్వరగా పీల్చే మట్టి పోసి, తడినీ ఎండనీ ఓర్చుకునే మొక్కలు నాటి, స్లాబు నీళ్లు అందులోకి మళ్లించడం. కుంట కాదు, ఒకట్రెండు రోజుల్లో నీళ్లు ఇంకిపోవాలి. గేటు లోపల 12 అడుగుల పొడవు, 8 అడుగుల వెడల్పు జాగా ఉంది, టైల్స్ వేసి ఉంది. మావారు అది కారు జాగా అంటారు. ఉన్న గుంత ఉండగా ఈ సోకులెందుకని కూడా అంటారు. గుంత పూడ్చేసి తోట వేయొచ్చా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

సైటింజనీరు
అమ్మా, ముందు ఒక మాట. గుంత పూడ్చొద్దు. వాన నీళ్లు ఇంకించే ఏర్పాటు ఇంట్లో ఉండాలని 2002 నాటి వాల్టా (నీరు, నేల, చెట్ల) చట్టంలోనే ఉంది. తోట వేస్తే వేసుకోండి, గుంతను మాత్రం ముట్టుకోకండి.

ఇక అసలు సంగతి. హైదరాబాద్ కింద ఉన్నది గ్రానైటు. పైన కొంత మట్టి, దాని కింద మొరం, ఆ కింద రాయి. చాలాచోట్ల నీళ్లు బాగా తాగేది మొరం. ఆరడుగుల గుంత అక్కడిదాకా దిగుతుంది, మీ అరడుగు పళ్లెం దిగదు. పైగా పునాది సంగతి ఉంది. బయటి దేశాల పుస్తకాల్లో తోటను ఇంటి గోడకు పదడుగుల దూరంలో వేయమంటారు. మన 200 గజాల్లో గోడ నుంచి పదడుగులు నడిస్తే పక్కింటివాళ్ల వంటింట్లో తేలతాం. కాంపౌండ్ వాల్ చూస్తే నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ. దాని మొదట్లో నాలుగు నెలలు తడి నిలిపితే ఒకరోజు అది పక్కింటి స్కూటర్ మీద పడుతుంది. ఇది నేల విడిచి సాము, అంతే.

మేరీలాండ్ లక్ష్మి
సైటింజనీరు గారూ, సాము నేల మీదే జరిగిందండీ, మా దగ్గరే. 1990ల మొదట్లో అమెరికాలో మేరీలాండ్‌లోని ప్రిన్స్ జార్జ్ కౌంటీలో సోమర్‌సెట్ అనే కాలనీ కడుతూ ఇంటింటి స్థలంలోనూ ఒక వాన తోట పెట్టారు. రోడ్ల పక్క కాలువలూ, నీళ్లు నిలిపే పెద్ద చెరువూ తవ్వే బదులు అది చవక అనుకున్నారు. ఇప్పుడు చాలా దేశాల్లో వేస్తున్నారు.

మా ఇంట్లో నాలుగేళ్ల కిందట వేశాం. మొదటి ఏడు చెడింది. ఎందుకో తెలుసా? తవ్వేటప్పుడు మేమే తొక్కి తొక్కి అడుగు మట్టిని గచ్చు చేసేశాం. మూడు రోజులైనా నీళ్లు కదల్లేదు. మళ్లీ మొక్కలన్నీ పీకి, అడుగున అడుగున్నర లోతు గునపంతో గుల్లచేసి, ఇసుకా కంపోస్టూ కలిపి పోస్తే ఇప్పుడు రాత్రి వాన తెల్లారేసరికి కనిపించదు. వానకోయిల అక్కా, మీ అమ్మాయి మాట వినండి.

సైటింజనీరు
లక్ష్మి గారూ, మీకు వాన పన్నెండు నెలలకూ పంచుకుని పడుతుంది. మాకు ఏడాది వానలో ముప్పాతిక వంతు జూన్ నుంచి సెప్టెంబరు లోపే. అదీ సాయంత్రం ఆరింటికి మొదలై ఏడున్నరకు ఐపోయే రకం. ఆ ఊపుకి పళ్లెం ఎంత?

బెజవాడ బాబాయ్
మీరంతా అదృష్టవంతులు, ఇంకడానికి కింద ఏదో ఉంది. మాది నల్లరేగడి. ఎండాకాలం చెయ్యి పట్టేంత పగుళ్లు, వానకి ఉబ్బి చపాతీ పిండి. కొంచెం తవ్వితే నీళ్లు ఎదురొస్తాయి. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు సింగ్‌నగర్ మీద పడ్డప్పుడు మా తమ్ముడింట్లో ఇంకుడు గుంతలోంచి నీళ్లు పైకి తన్నాయి! గుంత తాగడం మానేసి కక్కింది. ఇలాంటి నేలలో గుంతా తోటా రెండూ దండగే. హైదరాబాద్ సలహా చదివి మా ఊళ్లో ఎవరూ పార పట్టకండి.

లెక్కల మాస్టారు
ఎంతసేపూ "ఎంత పడుతుంది, ఎంత పడుతుంది" అంటున్నారు గానీ ఎవరూ లెక్క వేయలేదు. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. వెయ్యి చదరపు అడుగుల స్లాబంటే 93 చదరపు మీటర్లు. 25 మిల్లీమీటర్ల వానకి 2,300 లీటర్లు దిగుతాయి. హైదరాబాద్‌లో ఏడాదికి దాదాపు 800 మిల్లీమీటర్లు, అంటే ఈ ఒక్క స్లాబు మీద 74 వేల లీటర్లు. 5 వేల లీటర్ల ట్యాంకర్లు దగ్గర దగ్గర పదిహేను.

ఇప్పుడు తోట. 12 × 8 × అర అడుగు, 48 ఘనపుటడుగులు, 1,360 లీటర్లు.
గుంత. 4 × 4 × 6, 96 ఘనపుటడుగులు. ఆగండి, అందులో రాళ్లూ కంకరా నింపారుగా? రాళ్ల సందుల్లో మిగిలే ఖాళీ నూటికి 40 వంతులు వేసుకుందాం. 38 ఘనపుటడుగులు, 1,090 లీటర్లు.

ఇంజనీరు గారూ, మీ ఆరడుగుల గుంత కంటే ఈ అరడుగు పళ్లెంలోనే నీళ్లు ఎక్కువ పడుతున్నాయి.

సైటింజనీరు
మాస్టారూ, మీ పళ్లెం అంచులు నిట్టనిలువుగా ఉండవు కదా, వాలుగా ఉంటాయి. 1,360 కాస్తా వెయ్యి అవుతుంది. గుంతైతే నీళ్లు పట్టుకోవడమే కాదు, నాలుగు గోడల్లోంచీ తాగుతూనే ఉంటుంది.

లెక్కల మాస్టారు
అంచుల సంగతి ఒప్పుకున్నా. గోడలు తాగుతాయన్నదీ నిజమే, సందుల్లో బురద పట్టనంత కాలం. వానకోయిలమ్మా, ఆ గుంతలో కంకర తీసి ఎప్పుడైనా కడిగించారా?

వానకోయిల
మాస్టారూ, కడగడం కాదు, దాని మూత మీద వాషింగ్ మెషిన్ పెట్టాం.

డెంగీ బాధితుడు
దోమల గురించి ఒక్కరూ మాట్లాడరేం? పోయినేడు మా ఇంట్లో ముగ్గురం మంచమెక్కాం. ప్లేట్‌లెట్ల టెన్షన్ పగవాడికి కూడా వద్దు. కుండీ కింద సాసర్లో నీళ్లుంటేనే మున్సిపాలిటీ వాళ్లొచ్చి తిట్టి పోతున్నారు, మీరు ఇంటిముందు పళ్లెం తవ్వి నీళ్లు నింపుతానంటారు.

మేరీలాండ్ లక్ష్మి
అన్నా, మీ భయం సరైనదే. కానీ దోమ గుడ్డు పెద్ద దోమ అయ్యేసరికి కనీసం వారం పడుతుంది. నీళ్లు రెండు రోజుల్లో ఇంకితే దోమ పిల్లలు ఎండిపోతాయి. ఇంకకపోతే అది వాన తోట కాదు, మడుగు. అప్పుడు మీరన్నదే నిజం, పూడ్చేయాలి.

డెంగీ బాధితుడు
వారం రోజులు వదలకుండా వాన పడితే? మీ పళ్లెం ఎండేదెప్పుడు?

సైటింజనీరు
దీనికి నేను తోట తరఫునే మాట్లాడాలి, తప్పదు. ముసురు రోజుల్లో తోటలో నీళ్లు ఎదురుగా కనిపిస్తాయి, ఓ చీపురుతోనో మగ్గుతోనో తోడి పోయొచ్చు. పగిలిన మూత కింద ఇంకుడు గుంతలో నిలిచినవి కనిపించవు. నేను చూసిన గుంతల్లో సగం దోమల హాస్టళ్లే.

అనంత సీమ
మా అనంతపురంలో ఏడాదికి 550 మిల్లీమీటర్లు పడితే గొప్ప. ఇక్కడ కూర్చుని ఈ వాదన చదువుతుంటే కడుపు మండుతోంది. వానని నేలకి ఎందుకిస్తారు? సంపులో పట్టుకోండి! మొదటి పది నిమిషాల మురికి నీళ్లు బయటికి వదిలి, తర్వాతవి ఇసుక ఫిల్టర్ గుండా సంపులోకి పంపితే నెల రోజులు వాడకానికి సరిపోతాయి. 800 అడుగుల బోరులోకి మీ ఇంటి ముందు ఇంకిన నీళ్లు వస్తాయని ఎవరు చెప్పారు? పైపైన ఇంకిన నీళ్లు ఆ లోతు రాతి పగుళ్లలోకి చేరతాయన్న హామీ లేదు. మీరు ఇంకిస్తే పక్కింటి వేపచెట్టు బాగుపడుతుంది.

బెజవాడ బాబాయ్
వేపచెట్టు బాగుపడితే పక్కింటి నీడ మనకే కదా తమ్ముడూ.

అనంత సీమ
నీడ తాగి బతుకుతావా బాబాయ్?

లెక్కల మాస్టారు
సీమ తమ్ముడి మాటలో పస ఉంది. సంపులో జాగా ఉన్నంతవరకు ముందు సంపే. కానీ జులైలో సంపు మూడో వానకే నిండుతుంది. నాలుగో వాన నుంచి మళ్లీ రోడ్డే. అప్పుడు ఈ వాదన మళ్లీ మొదటికొస్తుంది.

ఇంకోటి. 2020 అక్టోబరు 13న ఘట్‌కేసర్ వైపు ఒక్కరోజులో 30 సెంటీమీటర్లు దాటి కురిసింది. ఆ లెక్కన ఈ స్లాబు మీద 28 వేల లీటర్లు. దానికి గుంతా తోటా సంపూ మూడూ చాలవు. వరద ఆపుతుందని ఎవరైనా వాన తోట అమ్మజూపితే నమ్మొద్దు. రోజువారీ రెండు సెంటీమీటర్ల వానకే ఇదంతా.

కడియం మొక్కలాయన
మొక్కల వ్యాపారం చేసేవాణ్ణి కాబట్టి నా స్వార్థం నాదే అనుకోండి. వాన తోట పేరు చెప్పి గులాబీలు, కలబంద, అడీనియం కొనుక్కెళ్లిపోతున్నారు. రెండో వానకి వేరు కుళ్లుతుంది. అక్కడ బతకాల్సింది ఒకరోజు మునిగి, నాలుగు నెలలు ఎండినా మళ్లీ చిగురించే జాతి. నడిమధ్యన మెట్టతామర, వట్టివేరు. వట్టివేరు వేళ్లు మనిషి ఎత్తు దాటి దిగుతాయి, మట్టిని గుల్లగా ఉంచేది అవే. అంచుల్లో రెయిన్ లిల్లీ, నందివర్ధనం. తడి ఎక్కువ నిలిచే మూలలో పొన్నగంటి కూర వేసుకుంటే పప్పులోకి పనికొస్తుంది, కాకపోతే అల్లుకుపోతుంది, కోస్తుండాలి. గన్నేరు కూడా మొండిదే గానీ విషం. చిన్నపిల్లలూ మేకలూ ఉన్న ఇంట్లో వద్దు. ఏప్రిల్, మే నెలల్లో వారానికోసారి బియ్యం కడిగిన నీళ్లైనా పోయాలి. అసలు నీళ్లే అక్కర్లేని తోట అని చెప్పేవాడు నర్సరీ పెట్టలేదు.

సైటింజనీరు
ఇన్ని మాటలెందుకు? వానకోయిలమ్మా, ఆ జాగాలో రెండు టైల్స్ లేపి అడుగు లోతు, అడుగు వెడల్పు గుంట తీయండి. నీళ్లు నింపండి. ఇంకాక మళ్లీ నింపండి. ఎండిన మట్టి మొదటిసారి గటగటా తాగుతుంది, ఆ లెక్క వద్దు. మూడోసారి నింపి గంటకి ఎంత దిగిందో కొలవండి. గంటకి ఒక సెంటీమీటరు కూడా దిగకపోతే తోట మాట మర్చిపోండి. దిగితే నేను నోరు మూసుకుంటాను.

వానకోయిల
ఆదివారం పరీక్ష చేశాం. రాస్తే కొంచెం పెద్దదవుతుంది, ఏమనుకోకండి.

టైల్స్ కింద నాలుగంగుళాల కాంక్రీటు. అది పగలగొడితే కింద ఇల్లు కట్టినప్పటి చెత్త. సిమెంటు గడ్డలు, ఇటుక ముక్కలు, ఒక సున్నం బ్రష్షు, మావారు అప్పట్లో పోయిందని మేస్త్రీని అనుమానించిన టేపు. పెట్టె తుప్పు పట్టింది గానీ ఆయన దాన్ని కడిగి లోపల పెట్టుకున్నారు. ఆ చెత్త అడుగున్నర మందం ఉంది. దాని కింద ఎర్ర మట్టి, చేత్తో నలిపితే సన్న ఇసుక తగులుతోంది. చెత్తంతా తీసేసి, ఆ మట్టిలో అడుగు గుంట తవ్వాం.

మొదటి బిందె నీళ్లు ఇరవై నిమిషాల్లో మాయం. రెండోసారి గంట దాటింది. మూడోసారి మా అమ్మాయి స్కేలు గుచ్చి, సెల్‌లో అలారం పెట్టుకుని కూర్చుంది. గంటకి సరిగ్గా 3 సెంటీమీటర్లు.

వాషింగ్ మెషిన్ జరిపి గుంత మూత కూడా తీశాం. కంకర మీద జానెడు నల్ల బురద, అందులో స్లాబు మీద నుంచి కొట్టుకొచ్చిన వేపాకులు. ఒక బకెట్ నీళ్లు పోస్తే పైనే నిలబడ్డాయి. మధ్యాహ్నం పోసినవి సాయంత్రం కూడా అక్కడే ఉన్నాయి.

లెక్కల మాస్టారు
3 సెంటీమీటర్లా! అరడుగంటే 15 సెంటీమీటర్లు. ఐదు గంటల్లో ఖాళీ.

సైటింజనీరు
కాదు మాస్టారూ. చిన్న గుంట పక్కల నుంచీ తాగుతుంది, వెడల్పు తోటలో తాగేది అడుగుభాగం ఒక్కటే. సగం వేసుకోండి, గంటకి ఒకటిన్నర. పది గంటలు. అయినా రెండు రోజుల్లోపే, మాట ఇచ్చాను కాబట్టి నోరు మూసుకుంటున్నా. రెండు షరతులు మాత్రం వదలను. ఇంటి గోడ వైపూ కాంపౌండ్ వాల్ వైపూ మూడడుగుల లోతు దాకా మందపాటి ప్లాస్టిక్ షీటు నిలువుగా దించాలి. గుంతలో కంకర తీసి కడిగి మళ్లీ నింపి, తోట నిండాక పొంగే నీళ్లు ఆ గుంతలోకి వెళ్లేలా పైపు వేయాలి. ఆకులూ బురదా తోటలోనే ఆగిపోతాయి, గుంతకి తేరిన నీళ్లు వెళ్తాయి. గుంతలు పాడయ్యేది నీళ్ల వల్ల కాదు, మట్టి వల్ల.

అనంత సీమ
దానికన్నా ముందు సంపు. ఎవరూ వినరు గానీ మళ్లీ రాస్తున్నా.

డెంగీ బాధితుడు
ఆ పొంగే పైపు మూతికి జాలీ కొట్టించడం మర్చిపోకండి. నేను ఇప్పటికీ ఒప్పుకోలేదు.

వానకోయిల
అందరికీ థాంక్స్. సీమ తమ్ముడూ, విన్నాం. మొదటి పైపు సంపుకే, ప్లంబర్‌తో మాట్లాడాం. గుంత కడిగించడానికి గురువారం మనుషులొస్తున్నారు. తోట దగ్గరే ఆగింది. మావారు స్కేలు చూశారు, లెక్కలు చదివారు, షీటు ధర కూడా కనుక్కొచ్చారు. "అంతా బాగానే ఉంది, మరి కారు?" అంటున్నారు. 12 అడుగుల్లో 7 అడుగులు తోటకిచ్చి కారు గేటు బయట పెట్టుకోమంది మా అమ్మాయి. బయట పెడితే వానకి మునుగుతుందట. ఆ వాన నీళ్లలో మనవి ఎన్నని అది అడిగింది. ఆయన ఇంకా జవాబు చెప్పలేదు.