కెన్యా స్వచ్ఛంద సంస్థలు విదేశీ డబ్బు పూర్తిగా మానేయాలా?

తూర్పుతీరం:
నైరోబీలో ఉంటున్నాను, రోజూ చూస్తున్నదే రాస్తున్నా. 2025 జనవరిలో అమెరికా విదేశీ సాయం ఆపేసింది, జులై 1 నాటికి యూఎస్‌ఎయిడ్ అన్న సంస్థే లేకుండా పోయింది. ఇక్కడ హెచ్ఐవీ క్లినిక్‌లు మూతపడ్డాయి, ఆరోగ్య కార్యకర్తలు ఉన్నపళంగా ఉద్యోగాలు పోగొట్టుకున్నారు. వాషింగ్టన్‌లో ఒకాయన సంతకం పెడితే ఇక్కడి కిసుము పట్టణంలో మందుల కౌంటర్ మూతపడుతుందంటే అది మన కాళ్ల మీద మనం నిలబడటం ఎలా అవుతుంది? నా మాట సూటిగా చెబుతాను. కెన్యా ఎన్జీవోలు, ముఖ్యంగా హక్కుల కోసం కొట్లాడేవి, బయటి డబ్బు పూర్తిగా మానేయాలి. ఇక్కడ జనం ఇవ్వరనకండి. 2011 కరువులో "కెన్యన్స్ ఫర్ కెన్యా" అని చందాలు పోగేస్తే అనుకున్న 50 కోట్ల షిల్లింగులూ దాటిపోయాయి. అందులో ఎంపెసాలో (ఫోన్‌తో డబ్బు పంపే సేవ) పది, ఇరవై షిల్లింగులు పంపిన మామూలు జనం కూడా ఉన్నారు. 2024 జూన్‌లో పన్నులు పెంచే ఫైనాన్స్ బిల్లు మీద పిల్లలు రోడ్డెక్కినప్పుడు ఏ ఎన్జీవో ముందు నడిచింది? గాయపడ్డవాళ్ల ఆస్పత్రి ఖర్చులకు వాళ్లే ఫోన్లలో చందాలు వేసుకున్నారు.

గోదారిగట్టు:
తూర్పుతీరం గారూ, మీరు చెప్పేది మనసుకు బాగుంటుంది, కానీ పక్కదేశంలో ఏమైందో ఒకసారి చూడండి. ఇథియోపియాలో 2009లో చట్టమే తెచ్చారు, హక్కుల గురించి పనిచేసే సంస్థకు విదేశీ డబ్బు ఆదాయంలో 10 శాతం దాటకూడదని. కారణం కూడా అచ్చం మీరు చెప్పినట్టే ఉంటుంది, మన విషయాలు మన డబ్బుతోనే అని. హక్కుల సంస్థలు శాఖలు మూసుకున్నాయి, సిబ్బందిని తీసేశాయి, కొన్ని హక్కుల ఊసే ఎత్తకుండా బావులు, బడుల పనికి మళ్లిపోయాయి. 2019లో ఆ చట్టం తీసేసే దాకా పదేళ్లు నోరెత్తే గొంతులు తగ్గిపోయాయి. స్థానిక చందాలు వచ్చి ఆ ఖాళీ నింపలేదు. కెన్యాలోనూ 2013 చివర్లో 15 శాతం పరిమితి పెట్టబోయారు, పార్లమెంటు తిప్పికొట్టింది కాబట్టి సరిపోయింది. 2024 నిరసనల తర్వాత అధ్యక్షుడు రూటో అమెరికా దాత సంస్థ ఫోర్డ్ ఫౌండేషన్ పేరెత్తి గొడవలకు డబ్బిచ్చారన్నాడు, వాళ్లు కాదన్నారు. మీరు మంచి మనసుతో చెప్పే వాదన రేపు ఎవరి చేతికి పోతుందో ఆలోచించండి.

తూర్పుతీరం:
చట్టం చేయమని నేనెక్కడ అన్నానండీ? సంస్థలు తమంతట తామే మానుకోవాలంటున్నాను. సర్కారు చేతిలో కర్ర పెట్టమనలేదు. నిజానికి బయటి డబ్బు లేకపోతే రూటోకు ఆ మాట అనే అవకాశమే ఉండదు.

పాలమూరు_పిల్లగాడు:
మన దగ్గర కూడా చూస్తున్నదే కదా అన్నా. 2020లో ఎఫ్‌సీఆర్‌ఏ, అంటే ఇండియాల విదేశీ విరాళాల చట్టం, సవరించి ఆఫీసు ఖర్చులు 20 శాతం దాటొద్దన్నరు, అంతకుముందు 50 ఉండె. పెద్ద సంస్థ చిన్న సంస్థకు పంచడం కూడా బంద్. ఊర్లల్ల పనిచేసే చిన్న సంస్థలకు పెద్ద దెబ్బ పడింది. కెన్యావాళ్లు దీన్ని చూసైనా జాగ్రత్త పడాలె.

లెక్కల_రమణి:
నేను నైరోబీలో కొన్నేళ్లు ఎన్జీవోల లెక్కలే చూశాను, ఇప్పుడు కూడా ఆ పనే. డబ్బు ఎక్కడిదన్నదాని మీదే వాదిస్తున్నారు, అది ఏ షరతు మీద వస్తుందో ఎవరూ అడగట్లేదు.

ఒక మామూలు సంస్థలో నెలాఖరు ఎలా ఉంటుందో చెబుతాను. ముగ్గురు దాతలు, ముగ్గురికీ వేరువేరు బ్యాంకు ఖాతాలు, వేరువేరు క్యాష్‌బుక్‌లు. ఊళ్లోకి వెళ్లే జీపు ఒక్కటే, కానీ దాని డీజిల్ బిల్లు మూడు ముక్కలు చేయాలి, లాగ్‌బుక్‌లో ఏ కిలోమీటరు ఏ ప్రాజెక్టుదో రాయాలి. ఫీల్డ్ ఆఫీసర్ ఉదయం భూమి తగాదా విని, మధ్యాహ్నం బాల్యవివాహం ఆపి వస్తే టైమ్‌షీట్‌లో నాలుగు గంటలు ఒకరికి, నాలుగు గంటలు ఇంకొకరికి. సంస్థ నడపడానికి కావాల్సిన అద్దె, ఆడిట్, అకౌంటెంట్ జీతం, కొత్తవాళ్లకు శిక్షణ మాత్రం ఏ దాతకీ అక్కర్లేదు. అమెరికా ప్రభుత్వ గ్రాంట్లలో పరోక్ష ఖర్చులకు ఇచ్చే కనీస రేటు ఏళ్ల తరబడి 10 శాతమే, 2024 అక్టోబర్‌లో 15 చేశారు, కొన్ని నెలలకే గ్రాంట్లే పోయాయి. ఇక మధ్యలో ఒక పెద్ద అంతర్జాతీయ సంస్థ ఉంటే ఆ పది కూడా కింద ఉన్న కెన్యా సంస్థ దాకా వస్తుందన్న గ్యారంటీ లేదు.

ఫలితం ఏంటంటే, సంస్థను నడిపే మనిషి నాయకత్వం చేయడు, ప్రపోజల్స్ రాస్తాడు. రెండేళ్ల ప్రాజెక్టు అయిపోయాక పని నేర్చుకున్న అమ్మాయిని అదే దాత మూడింతల జీతం ఇచ్చి తీసుకుపోతాడు. నేను పనిచేసిన ఒకచోట పదేళ్లలో ఒక్క రిజర్వు ఫండ్ కూడా పోగవలేదు, ఎందుకంటే మిగిలిన ప్రతి షిల్లింగూ వెనక్కి పంపాలని ఒప్పందం. ఒక నెల డబ్బు ఆలస్యమైతే అందరికీ జీతాల టెన్షన్. ఇంత బలహీనంగా తయారుచేసి, తర్వాత "సామర్థ్య నిర్మాణం" అని హోటల్లో వర్క్‌షాప్ పెడితే నాకు ఒళ్లు మండిపోతుంది.

గోదారిగట్టు:
రమణి గారూ, ఇది ముందే చెప్పాల్సిన మాట. నేను ఇంకొకటి కలుపుతాను. 2015లో గారిస్సా యూనివర్సిటీ మీద ఉగ్రవాద దాడి జరిగి 148 మంది చనిపోయారు. వెంటనే ప్రభుత్వం ఉగ్రవాదంతో సంబంధాలున్నాయన్న అనుమానంతో మొంబాసాలోని ముహూరి, హకీ ఆఫ్రికా అనే రెండు హక్కుల సంస్థల ఖాతాలు స్తంభింపజేసింది. పోలీసుల చేతుల్లో మాయమైన ముస్లిం యువకుల గురించి అడుగుతున్న సంస్థలివి. కోర్టు ఆ ఏడాది చివర్లో ఖాతాలు విడిపించింది. ఆ ఏప్రిల్‌లో దేశమంతా కోపంతో ఊగిపోతుంటే వాటికి చందా ఎవరిస్తారు? కరువుకి జనం ఇస్తారు, ఆస్పత్రికి ఇస్తారు, ఇక్కడి చామా గ్రూపులు మన పొదుపు సంఘాల్లాగే ఆవుకీ స్కూలు ఫీజుకీ ఇస్తాయి. కానీ జనానికి నచ్చని మనిషి తరఫున కోర్టుకెళ్లడానికి ఇవ్వరు. హక్కుల సంస్థ అవసరం ఎక్కువగా వచ్చేది సరిగ్గా అక్కడే.

తూర్పుతీరం:
ఇది గట్టి పాయింటే, ఒప్పుకుంటాను. కానీ అప్పుడు కూడా కెన్యా కోర్టే కదా కాపాడింది, దాత కాదు. పర్యావరణం కోసం పోరాడిన కెన్యా మహిళ వాంగారి మాథాయ్ సంగతి చూడండి. 1989లో నైరోబీ ఉహురు పార్కులో 60 అంతస్తుల భవనం కట్టబోతే ఎదురు తిరిగింది. అప్పటి అధ్యక్షుడు మోయ్ ప్రభుత్వం ఆమె పెట్టిన మొక్కల పెంపకం సంస్థ గ్రీన్ బెల్ట్ మూవ్‌మెంట్‌ను ఆఫీసులోంచి వెళ్లగొట్టింది, సంస్థ ఆమె ఇంట్లోకి మారింది. ఆడది నోరుమూసుకుని ఉండాలన్న అర్థంలో అధ్యక్షుడే మాట్లాడాడు. అయినా చివరికి ఆ భవనం లేదు, పార్కు ఉంది. నిలబెట్టింది ఊళ్లలో మొక్కలు పెంచిన ఆడవాళ్లు.

లెక్కల_రమణి:
ఆ ఆడవాళ్లకు బతికిన ఒక్కో మొక్కకు కొద్దిపాటి సొమ్ము ఇచ్చేవాళ్లు. మొదట్లో ఆ పని పెద్దది కావడానికి నార్వే అటవీ సంఘం, ఐక్యరాజ్యసమితి మహిళా నిధి సాయం చేశాయి. అంటే 1977లో మొదలైన ఆ ఉద్యమంలో బయటి డబ్బు ఉంది, కానీ ఆ డబ్బు నర్సరీల్లో ఉన్న ఆడవాళ్ల చేతికి వెళ్లింది. నార్వే డబ్బు ఆగినా మొక్క ఎలా నాటాలో వాళ్లకు వచ్చు, ఎవరికి ఎదురు తిరగాలో కూడా వచ్చు. మీ ఉదాహరణే నా మాటను బలపరుస్తోంది తూర్పుతీరం గారూ.

అందుకే మానేయాలనడం నాకు తప్పుగా కనిపిస్తుంది, అలాగని ఇప్పుడున్నట్టే సాగనివ్వడం కూడా తప్పే. ఎన్జీవోల కోసం తెచ్చిన కొత్త పీబీవో (ప్రజాహిత సంస్థల) చట్టం సంగతి గుర్తుచేసుకోండి. 1990 నాటి పాత ఎన్జీవో చట్టం బదులు 2013 జనవరిలో అప్పటి అధ్యక్షుడు కిబాకి దీని మీద సంతకం పెట్టాడు, 2016లో హైకోర్టు అమలు చేయమంది, అయినా 2024 మే 14 దాకా అమలు చేయకుండా సాగదీశారు. పదకొండేళ్లు వెంటపడింది ఈ సంస్థలే, వాటి లాయర్లే. రెండేళ్ల ప్రాజెక్టు మనుషులతో పదకొండేళ్ల పోరాటం ఎలా చేస్తారు? దానికి షరతుల్లేని, సంస్థ చేతికిచ్చే దీర్ఘకాలపు డబ్బు కావాలి, అది నార్వేదైనా మన కెన్యా ఊరు నకూరుదైనా ఒకటే.

దాంతోపాటు సభ్యుల చందా కూడా పెట్టాలి. నెలకు యాభై షిల్లింగులైనా సరే. దాంతో బడ్జెట్ నిండదు, నాకూ తెలుసు. కానీ యాభై ఇచ్చిన మామ్మ వార్షిక సమావేశానికి వచ్చి ఈ కారు ఎందుకు కొన్నారని అడుగుతుంది. ఇప్పుడు ఆ ప్రశ్న వాషింగ్టన్ ఆడిటర్ మాత్రమే అడుగుతున్నాడు, అది కూడా ఇంగ్లీషులో. లెక్కలు స్వాహిలిలో గోడకు అంటించాలి. బోర్డును సభ్యులు ఎన్నుకోవాలి, వ్యవస్థాపకుడి బావమరిది, చర్చి స్నేహితుడు కాదు. ఇరవై ఏళ్లుగా ఒక్కరే డైరెక్టరుగా ఉన్న సంస్థలు నేను చూశాను, వాళ్లు పక్కకు తప్పుకోమని ఏ దాతా అడగడు, ఎందుకంటే ఈమెయిల్‌కు టైముకి జవాబిచ్చేది వాళ్లే.

తూర్పుతీరం:
సభ్యుల చందా, ఎన్నికైన బోర్డు, ఈ రెండిటికీ నేను సరే. అయితే ఒక గడువు కూడా పెట్టాలి. ఐదేళ్లలో కనీసం అద్దె, ఆడిట్, ఇద్దరి జీతాలు స్థానిక డబ్బుతో రావాలి. రేపు మళ్లీ ఎవరైనా కుళాయి కట్టేస్తే తలుపైనా తెరిచి ఉంటుంది.

లెక్కల_రమణి:
ఐదేళ్లకి ఇద్దరి జీతాలు కష్టం, అద్దె, ఆడిట్ వరకు అవుతుంది. మీ ఏరియాలో ఏదైనా సంస్థ ఒప్పుకుంటే చెప్పండి, బడ్జెట్ నేను కూర్చుని వేసిస్తాను.