‘భ్రామకం’ అన్న మాట పిల్లల్ని తికమక పెడుతోందా?

మా అక్క కొడుకు కావలిలో ఇంటర్ చదువుతున్నాడు, తెలుగు మీడియం. నిన్న వాడి నోట్సులో ‘టార్క్ ఎంత ఉంటే వేగం అంత’ అని రాసుంది. తప్పు. కానీ ఆ తప్పు వాడిది కాదు, మాటలది అనిపించింది. టార్క్‌ను, అంటే ఒక వస్తువును ఇరుసు చుట్టూ తిప్పే ప్రభావాన్ని, పుస్తకాల్లో బల భ్రామకం అంటారు, తిరిగే వేగం మారడానికి ఒప్పుకోని గుణాన్నేమో జడత్వ భ్రామకం అంటారు. భ్రామకం అంటే తిప్పేది అని కదా అర్థం! తిప్పేదానికీ, దానికి మొరాయించేదానికీ ఒకటే మాట తగిలిస్తే పిల్లోడు ఏం చేస్తాడు?

వాడికి మా అమ్మమ్మ తిరగలి చూపించి చెప్పాను. పిడి రాయి అంచున ఎందుకుంది? ఇరుసు పక్కనే ఉంటే ఎంత నెట్టినా కదలదు, దూరం జరిగేకొద్దీ తేలికవుతుంది. అడ్డంగా నెట్టే బలాన్ని ఆ దూరంతో గుణిస్తే వచ్చేదే టార్క్. మొదటి చుట్టుకు భుజాలు లాగేస్తాయి, ఆగి ఉన్న రాయికి వేగం తేవాలి గనక. ఊపందుకున్నాక రాపిడి తినేసేంత ఇస్తే చాలు, అదే వేగంతో తిరుగుతూనే ఉంటుంది. అంటే టార్క్ ఇచ్చేది వేగం కాదు, వేగంలో మార్పు. రాపిడి పోను మిగిలిన టార్క్‌ను జడత్వ భ్రామకంతో భాగిస్తే వచ్చేదే కోణీయ త్వరణం, అంటే తిరిగే వేగం ఎంత త్వరగా మారుతోందో చెప్పేది. చెయ్యి తీసేసినా రాయి వెంటనే ఆగదు, రాపిడి ఎదురు టార్క్ పెడుతూ మెల్లగా ఆపుతుంది.

కామెంట్లలో వచ్చిన ప్రశ్నలు, నా జవాబులు:

— అక్కా, ఇందుకూరుపేట వైపు మాకు రొయ్యల గుంటలున్నాయి. ఏరియేటర్ (తెడ్లతో చిమ్మి నీళ్లలో గాలి కలిపే యంత్రం) మోటారు నిమిషానికి 1440 చుట్లు, గేర్‌బాక్స్ దాటాక తెడ్లు 100 చుట్ల దగ్గరే తిరుగుతాయి. టార్క్ పెరిగి వేగం తగ్గింది కదా, మరి ఇదేంది?

— మంచి ప్రశ్న తమ్ముడూ. టార్క్‌ను కోణీయ వేగంతో, అంటే తిరిగే వేగంతో, గుణిస్తే పవర్. గేర్లు పవర్‌ను పుట్టించలేవు, అందుకే వేగం 14వ వంతుకు దిగితే టార్క్ దాదాపు 14 రెట్లవుతుంది, గేర్లలో పోయేది కొంత పోను. తెడ్డు నిలకడగా తిరుగుతోందంటే నీళ్ల అడ్డు ఆ టార్క్‌కు సరిగ్గా సమానమైందన్నమాట. స్విచ్ వేసిన తొలి క్షణాల్లో చూడు, వేగం పుంజుకుంటూ ఉంటుంది, అప్పుడు మోటారుదే పైచేయి.

— చీమకుర్తి క్వారీ గుంతలోంచి గ్రానైట్ దిమ్మెతో లారీ ఎక్కాలంటే ఫస్ట్ గేరే. ‘లాగుడు’ ఎక్కువ, స్పీడు తక్కువ. టార్క్‌ను లాగుడు అందామా?

— బండికి చక్కగా అతుకుతుంది గానీ తిరగలికి అతకదండీ. ‘తిప్పే బలం’ కూడా వద్దు, టార్క్ బలం కాదు, దాని కొలత న్యూటన్ మీటర్లలో ఉంటుంది. నాకు ‘తిప్పుసత్తువ’ నచ్చింది. పరీక్షలో మాత్రం మా అక్క కొడుకుని బల భ్రామకం అనే రాయమన్నాను, మార్కులు పోకూడదు. జడత్వ భ్రామకానికి ‘తిరుగుడు మొండితనం’ అని చెప్తే వాడికి వెంటనే అర్థమైంది. మొండిది కదలనూ కదలదు, కదిలితే ఆగనూ ఆగదు. ఇంతకన్నా చిన్న మాట ఎవరికైనా తడితే రాయండి.