వ్యామ్ వేస్తే ఆకు పని పెరుగుతుందా, బూజును మనమే మేపుతున్నామా?

మిరపమడి:
ప్రోట్రేల్లో (నారు పెంచే గళ్ల ట్రేలు) వ్యామ్ పొడి, అంటే వేర్లలో చేరి మొక్కతో కలిసి బతికే శిలీంధ్రం, కలిపి పెంచిన మిరప నారు ఒక మడిలో, మామూలు నారు పక్క మడిలో నాటాను. రెండింటికీ దుక్కిలో డీఏపీ ఒకేలా వేశా. నలభై రోజులైంది, తేడా కనబడలేదు. అమ్మినాయనేమో కిరణజన్య సంయోగక్రియ పెరుగుతుందన్నాడు. వేర్లో ఉండే బూజుకీ ఆకుకీ ఏం సంబంధమండీ? గట్టున ఆవాలకూ వేశా, అక్కడా అంతే.

పచ్చాకు:
సంబంధం ఉందండీ. వేరు వెంట్రుకలు దూరలేని సందుల్లోకి శిలీంధ్రం దారాలు వెళ్లి భాస్వరం తెస్తాయి. అది లేకుండా ఆకులో ఏటీపీ, అంటే ఆకు పనికి శక్తినిచ్చే పదార్థం, తయారు కాదు. ఇంకోటి, ఆకులో చక్కెర పేరుకుపోతే ఆకు పని తగ్గిస్తుంది. కింద తినేవాడుంటే పైన వంట ఆగదు!

నల్లరేగడి:
ఆ తినేవాడి లెక్కే నా బాధ. ఆకు తయారుచేసిన దాంట్లో 4 నుంచి 20 శాతం దాకా వాడికే పోతుంది. భాస్వరం తక్కువున్న నేలలో అది మంచి బేరమే. భాస్వరం ఉన్న డీఏపీ దండిగా పడితే మొక్కే శిలీంధ్రాన్ని లోపలికి రానివ్వడం తగ్గిస్తుంది. మిరపమడి గారు ఒక చేత్తో వ్యామ్, ఇంకో చేత్తో దానికి తాళం వేశారు. ఆవ, క్యాబేజీ కుటుంబానికైతే వ్యామ్ అసలు పట్టదు. ఆ డబ్బు పోయినట్టే.

పచ్చాకు:
శిలీంధ్రాలన్నీ వ్యామ్ కాదు కదా. థార్ ఎడారి మట్టిలో శాస్త్రవేత్త అజిత్ వర్మ బృందానికి దొరికిన పిరిఫార్మోస్పోరా ఇండికా అనే శిలీంధ్రం, 1998లో దాని వివరాలు ప్రచురించారు, ఆవ కుటుంబం వేర్లలోనూ చేరుతుంది. వ్యామ్‌లా బతికున్న వేరు ఉంటేనే పెరుగుతాననదు, ల్యాబులో పెంచొచ్చు. 2005లో జర్మనీలో దీంతో బార్లీ ఉప్పును తట్టుకుంది, దిగుబడీ పెరిగింది.

నల్లరేగడి:
కుండీల్లో. పొలం కుండీ కాదు. పైగా అదే బార్లీలో అది వేరు కణాలు చచ్చిపోతుంటే వాటిలో పాగా వేస్తుందని మరుసటి ఏడాదే తేలింది. స్నేహితుడే, కాదనను. ఇల్లు మాత్రం జాగ్రత్త.

పాడిగేదె:
మధ్యలో వస్తున్నా, ఏమనుకోకండి. అమెరికాలో టాల్ ఫెస్క్యూ గడ్డి లోపల ఒక శిలీంధ్రం ఉంటుంది. దానివల్లే గడ్డి ఎండను, పురుగును తట్టుకుంటుంది. అది మేసిన పశువుల గిట్టలు, తోక చివరలు కుళ్లిపోయే ప్రమాదం ఉంది. శిలీంధ్రం లేని విత్తనం వేస్తే గడ్డే నిలవలేదు. మొక్కకు మేలంటే రైతుకు మేలని రాసిపెట్టి లేదు.

నల్లరేగడి:
బాగా చెప్పారు. మిరపమడి గారూ, వ్యామ్ జాతులు మన నేలల్లో మామూలుగానే ఉంటాయి. మీ రెండో మడి వేర్లలోనూ ఉండొచ్చు. వేర్లు చూడకుండా ఇంతసేపు వాదించుకున్నాం, నాతో సహా.

మిరపమడి:
చూడ్డం ఎలా సార్?

నల్లరేగడి:
సన్న వేర్లను పొటాషియం హైడ్రాక్సైడ్‌లో మరిగించి, కడిగి, వెనిగర్‌లో కలిపిన పెన్ను సిరాలో ఉంచాలి. మైక్రోస్కోప్‌లో శిలీంధ్రం రంగు పట్టి కనిపిస్తుంది. ఆ మరిగించే పని ల్యాబులోనే, చేతులు కాలతాయి.

మిరపమడి:
మా మేనకోడలు డిగ్రీ బాటనీ. రెండు మడుల వేర్లూ విడివిడి కవర్లలో సోమవారం పంపిస్తా. వచ్చే కారుకి నాలుగు సాళ్లకు డీఏపీ సగానికి తగ్గించి చూస్తా. మా నాన్నకు ఇంకా చెప్పలేదు, అదే టెన్షన్.