ఉగాది కవి సమ్మేళనంలో "రాజకీయాలు వద్దు" అనడం సబబేనా?

మారతహళ్ళి మనిషి:
ఇక్కడ బెంగళూరులో ఒక తెలుగు సంఘం ఉగాదికి కవితలు పంపమంది. షరతు ఏమిటంటే "రాజకీయం, కులం, మతం ప్రస్తావన ఉండరాదు". కాలుష్యంతో నురగ కక్కే ఇక్కడి బెళ్ళందూరు చెరువు మీద రాసి పంపాను. అందులో "కార్పొరేటర్" అనే మాట ఉందని తిప్పి పంపారు. 2020 సెప్టెంబరులో నగరపాలక కౌన్సిల్ గడువు ముగిశాక ఏళ్ల తరబడి ఈ ఊరికి కార్పొరేటర్లే లేరు. లేనివాళ్లను తిడితే కూడా రాజకీయమేనా?

శ్రీను, హెచ్ఎస్ఆర్:
అలాంటి కమిటీల్లో పనిచేసినవాణ్ణి, నా వైపు కూడా వినండి. ఒకసారి ఒకాయన తన నాయకుణ్ణి పొగుడుతూ చదివాడు. అవతలి పార్టీవాళ్లు ఈలలేశారు, సగం హాలు పులిహోర కూడా తినకుండా వెళ్లిపోయింది. హాలు వాళ్లతో మాట పడింది మేము. పోనీ చదివినదాంట్లో కవిత్వం ఉందా అంటే అదీ లేదు.

మల్లేశ్వరం మాస్టారు:
పొగడ్తలు ఆపండి శ్రీనూ, నేనూ చప్పట్లు కొడతాను. కానీ మీ షరతు ఆపుతున్నది ప్రశ్నను. జాషువా 1941లో 'గబ్బిలం' రాశారు. గుడిలోకి రానివ్వని మనిషి ఒక గబ్బిలం చేత శివుడికి తన గోడు చెప్పుకుంటాడు. కులం ప్రస్తావన తీసేస్తే అందులో ఇంకేం మిగులుతుంది? ఆ కవినే 1964లో శాసనమండలికి నామినేట్ చేశారు. మండలిలో కూర్చోవచ్చు గానీ మన ఉగాది వేదిక ఎక్కకూడదా?

ఈ ఊరి కన్నడ కవులనే చూడండి. 1947లో వచ్చిన స్వాతంత్ర్యం ఎవరికొచ్చిందని అడిగిన సిద్ధలింగయ్య శాసనమండలి సభ్యులయ్యారు. గోపాలకృష్ణ అడిగ 1971లో లోక్‌సభకు పోటీ చేసి ఓడిపోయారు. ఇద్దరి దారులూ వేరు. అయినా ఇద్దరినీ కన్నడిగులు చదువుతూనే ఉన్నారు. అంతెందుకు, దేశమంటే మనుషులని గురజాడ రాసిన 1910లో ఆ మనుషుల్లో చాలామందికి ఓటే లేదు. ఓటు కన్నా ముందు మాట వచ్చిందన్నమాట.

శ్రీను, హెచ్ఎస్ఆర్:
అందరూ జాషువాలు కారు కదండీ మాస్టారూ.

సుజాత:
నీళ్ల కరువొచ్చిన 2024లో ట్యాంకర్ రేట్ల మీద చదివాను. ఒక్కరూ రాజకీయం అనలేదు. ఆడమనిషి ఇంటి సంగతి చెబుతోందనుకున్నారు :) షరతు అందరికీ ఒకేలా లేదని గమనించగలరు.

మల్లేశ్వరం మాస్టారు:
సుజాత గారు అసలు కిటుకు పట్టుకున్నారు. శ్రీనూ, జాషువా కానక్కర్లేదు. అవధానంలో అడ్డు ప్రశ్నలేసి అవధాని ధ్యాస మళ్లించే అప్రస్తుత ప్రసంగానికి కూడా కుర్చీ వేస్తాం కదా, కవి చదివాక సభకు రెండు నిమిషాలివ్వండి. ఈల వేసేవాడు నోటితో అడుగుతాడు, కవి జవాబు చెప్పుకుంటాడు.

శ్రీను, హెచ్ఎస్ఆర్:
పార్టీల పేర్లూ నాయకుల పేర్లూ వద్దు అని రాసి, కులం, మతం మాట తీసేద్దామని తెలిసినవాళ్లతో అంటాను. అది చేయించొచ్చు. రెండు నిమిషాల సంగతే టెన్షన్. మైకు ఇచ్చాక వెనక్కి లాక్కునేది ఎవరండీ, మీరొస్తారా?