ఇంట్లోనే పుస్తకాలు వేసుకోడానికి ఏ ప్రింటర్ తీసుకోవాలండీ?

అంబాజీపేట_అమ్మాయి:
అందరికీ నమస్కారమండీ. మా అమ్మమ్మ, పెద్దమ్మలు పాడే మంగళహారతులు, పెళ్లిపాటలు, నోముల పాటలు పాత నోటుపుస్తకాల్లోంచి టైపు చేశాను, ఏ4 మధ్యకి మడిస్తే వచ్చే సైజులో 120 పేజీలు వచ్చింది. ప్రెస్సులో అడిగితే ఐదొందల కాపీలైతేనే గిట్టుబాటు అంటున్నారు, మాకేమో వందకి మించి అక్కర్లేదు, అదీ ఒకేసారి కాదు, పెళ్లిళ్లకి కొన్ని, శ్రావణమాసానికి కొన్ని. అందుకే ప్రింటరే కొనేద్దామని. షాపులో కలర్ ఇంక్ ట్యాంక్ తీసుకోమంటున్నారు, పేజీ పైసల్లో పడుద్దంట. చదివేది పెద్దవాళ్లు, అక్షరం నల్లగా రావాలి. ఏది మంచిది?

పాలకొల్లు_డీటీపీ:
పూజగదిలో ఉండే పుస్తకం కదండీ, తడిచేత్తో పట్టుకుంటారు, పసుపు కుంకుమ పక్కనే ఉంటాయి, కాబట్టి బ్లాక్ అండ్ వైట్ లేజరే తీసుకోండి. ఇంక్ ట్యాంకుల్లో కొన్నిట్లో నలుపు కూడా డై ఇంకే, అంటే నీళ్లలో కరిగే రంగు, నీటిచుక్క పడితే అక్షరం అలుక్కుపోద్ది. క్యానన్ జీ3010 లాంటివాటిల్లో నలుపు పిగ్మెంట్, అంటే నీళ్లలో కరగని సన్నపొడి రంగు, అది నయం. లేజర్‌లో టోనర్ పొడి వేడికి కరిగి కాగితానికి అతుక్కుపోద్ది కాబట్టి తడికి చెదరదు.

ఆటో డూప్లెక్స్, అంటే మిషనే కాగితం తిప్పుకుని రెండువైపులా వేసే సదుపాయం, లేనిది మాత్రం వద్దు. చేత్తో తిప్పి పెడుతుంటే ఎక్కడో రెండు కాగితాలు కలిసి వెళ్లిపోతాయి, అక్కణ్ణించి పేజీలన్నీ తారుమారు. ఇంకోటి, మిషన్ రేటు కాదు, టోనర్ రేటు చూడండి. మీ 120 పేజీలంటే 30 ఏ4లు, రెండువైపులా కలిపి 60 ప్రింట్లు, వంద కాపీలకి 6000. బ్రదర్ హెచ్ఎల్-ఎల్2321డీ తీసుకుంటే టోనర్ 2600 పేజీలు, డ్రమ్ము (టోనర్ పొడిని కాగితం మీదకి దించే రోలరు, అదీ అరిగితే మార్చాలి) 12000 అని కంపెనీ లెక్క, అదీ పేజీలో 5 శాతం నలుపు ఉంటేనే, మీరు పెద్దక్షరం బోల్డ్ పెడితే ఇంకా తగ్గుద్ది. కరెంటు పోతే ఇంటి ఇన్వర్టర్ మీద నడపకండి, పొడిని కరిగించే ఫ్యూజర్ వేడెక్కేటప్పుడు ఒక్కసారే బాగా లాగుద్ది.

తణుకు_మాస్టారు:
లేజర్ సరే గానీ అమ్మా, మన డెల్టా గాలికి కాగితం సంగతి ముందు చూసుకో. వానాకాలంలో రీము విప్పి ట్రేలో వదిలేస్తే చెమ్మ పీల్చేస్తది, వేడి తగలగానే వంకర తిరిగి ఇరుక్కుపోద్ది. కావాల్సినన్ని తీసుకుని మిగతావి ప్లాస్టిక్ కవర్లో గట్టిగా చుట్టి పెట్టు.

అందరూ వదిలేసేది కాగితం పీచు, అంటే కాగితంలో నారలు పరుచుకున్న దారి. మామూలు ఏ4కి పీచు నిలువునా ఉంటది, మధ్యకి మడిస్తే మడత దానికి అడ్డంగా పడి పుస్తకం బిర్రుగా తయారవుద్ది, తెరిచి పెడితే మూసుకుపోద్ది. హారతి ఇస్తూ చూసి పాడాలంటే ఎలా? పొడుగు వైపు పీచున్న ఏ3 కొని బైండింగ్ షాపులో సగానికి కోయించు, అప్పుడు మడతా పీచూ ఒకే దారిలో ఉంటాయి. ఒక కాగితం చింపి చూస్తే తెలిసిపోద్ది, పీచు వెంట తిన్నగా చిరుగుద్ది, అడ్డంగా అయితే వంకర్లు పోద్ది. 30 కాగితాలూ కలిపి మధ్యలో పిన్ను కొట్టించకు, లావైపోద్ది. నాలుగేసి కాగితాలకో సెక్షన్ చేసి దారంతో కుట్టిస్తే చక్కగా పరుచుకుంటది. అక్రోబాట్ రీడర్‌లో ప్రింట్ ఇచ్చేటప్పుడు బుక్‌లెట్ (మడిస్తే పేజీలు వరసలో వచ్చేలా సర్దేది) పెట్టి 1-16, 17-32 అలా తీసుకో.

భీమవరం_కుర్రోడు:
అట్ట మాత్రం ఇంట్లో వద్దండి, దళసరి కార్డు ఈ చిన్న మిషన్లు లాగవు. డిజిటల్ ప్రెస్సులో కలర్‌లో వేయించేసుకోండి. ఫైలు పీడీఎఫ్ చేసేటప్పుడు ఫాంటు ఎంబెడ్ అయ్యిందో లేదో, అంటే ఫైల్లోనే కలిసిందో లేదో చూడండి, లేకపోతే వేరే కంప్యూటర్లో వత్తులు ఎగిరిపోతాయి.

అంబాజీపేట_అమ్మాయి:
చాలా థాంక్సండీ, అయితే లేజరే. పీచు సంగతి అసలు తెలీదు మాస్టారూ, కోయించే షాపు అమలాపురంలో కనుక్కుంటాను. మండలి ఫాంటు 14 పాయింట్లలో పెట్టాను, సరిపోద్దా?

తణుకు_మాస్టారు:
16 పెట్టమ్మా, లైన్ల మధ్య ఖాళీ కూడా పెంచు, పై లైను వత్తులు కింది లైను గుడులకి తగలకూడదు. పేజీలు ఎలాగూ పెరుగుతాయి, 128కో 144కో సర్దేశావంటే పదహారేసి పేజీల సెక్షన్లకి సరిగ్గా సరిపోద్ది. మొత్తం తీసెయ్యక ముందు ఒక్క సెక్షన్ తీసి అమ్మమ్మగారికిచ్చి రాత్రిపూట లైటు కింద చదివించు.